తూము పక్క మట్టి ఎవరి పని? – పని విభజన వివరాల నమోదుపై ప్రసంగ పాఠం

హన్మకొండలో ఒక సాయంత్రం సివిల్, కంప్యూటర్ రంగాల యువ ఇంజనీర్లు, చిన్న కాంట్రాక్టర్లు కలిసి కూర్చున్న సమావేశంలో, చెరువు పనులలో చాలాకాలం గడిపి విరమించిన ఒక ఇంజనీరు చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవారు చదువుకోవడానికి వీలుగా రికార్డింగ్ విని టైపు చేశాం. తడబాట్లను మాత్రమే తీసేశాం.

అందరికీ నమస్కారం. నిర్వాహకులు నాకిచ్చిన అంశం పేరు చాలా పొడుగ్గా ఉంది: ప్రాజెక్టు పరిధి నిర్వహణలో పని విభజన వివరాలను నమోదు చేయడం. ఈ పేరు వినగానే వెనక వరుసలో ఇద్దరు ముగ్గురు ఫోన్లు బయటికి తీశారు, నాకు కనబడుతూనే ఉంది. తీయండి, నేనేమీ అనుకోను. కానీ ముందు ఒక చెరువు సంగతి చెబుతాను, అది విన్న తరువాత ఫోను చూసుకోవాలో, నా మాట వినాలో మీరే తేల్చుకోండి.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, ములుగు వైపు ఒక ఊరి చెరువు మరమ్మతుకు పనుల పట్టిక తయారు చేసే బాధ్యత నా మీద పడింది. నేను పెద్ద కాగితం తీసుకుని, పైన చెరువు పేరు రాసి, దాని కింద అందంగా గడులు గీశాను. కట్ట ఒక గడి, ఎక్కువైన నీరు పొర్లిపోయే మత్తడి ఒక గడి, తూములు ఒక గడి, పూడిక ఒక గడి, కాలువలు ఒక గడి. చూసినవాళ్ళంతా బాగుందన్నారు. నాకూ బాగుందనే అనిపించింది. కట్ట పని ఒక గుత్తేదారుకు, తూముల పని ఇంకొకరికి వెళ్ళాయి. ఇప్పుడు ఇక్కడున్న సివిల్ వాళ్ళను ఒక మాట అడుగుతాను: పాత తూమును బాగు చేయాలంటే మొదట ఏం చేయాలి? కట్టను కోయాలి. కోసి, లోపలి తూము గొట్టాన్ని బయటపెట్టి, కొత్తగా కట్టి, మళ్ళీ మట్టి నింపాలి. మరి ఆ మట్టి ఎవరు నింపాలి? నా కాగితంలో కట్ట ఉంది, తూము ఉంది. తూము పక్కన నింపే మట్టి మాత్రం ఏ గడిలోనూ లేదు.

తూము కట్టినాయన, మాది సుతారి పని, సిమెంటు పని, మట్టి పని మాది కాదన్నాడు. కట్ట చేసినాయన, నా కట్ట నిండుగా ఉండగా కోసింది వాళ్ళు, కోసినవాళ్ళే పూడ్చాలన్నాడు. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది, అదీ ఇందులో చిక్కు. వానకాలం ముంచుకొస్తోంది. చివరికి ఎవరో ఒక ట్రాక్టరు పెట్టి ఎక్కడి మట్టో తెచ్చి ఆ సందులో కుమ్మరించారు. పొరలుగా వేయలేదు, నీళ్ళు చల్లలేదు, దిమ్మిసతో కొట్టలేదు. ఆ ఏడు చెరువు సగానికి పైగా నిండిన రాత్రి, చెరువు నీళ్ళు చూసుకునే నీరటి పరుగున వచ్చి, తూము గొట్టం వెంట నీళ్ళు ఊరుతున్నాయని, బుంగ పడేటట్టుందని చెప్పాడు. ఊరంతా కదిలి తెల్లవారేదాకా ఇసుక బస్తాలు వేసింది. కట్ట నిలిచింది. నిలిచింది కాబట్టే నేను ఈ రోజు మీ ముందు నిలబడి దీన్ని కథలాగా చెప్పగలుగుతున్నాను.

ఆ ఇద్దరు గుత్తేదారులను నేను తప్పు పట్టను. గడులు గీసింది నేను. గడిలో పేరు రాశాను, ఆ పేరు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో రాయలేదు. మట్టి కట్టలో కట్టుబడి ఉన్న ప్రతిచోటా నీరు ముందుగా వెతుక్కునే దారి ఆ రెండింటి అతుకే అని ఇంజనీరింగ్ చదివిన ప్రతివారికీ తెలుసు. కాగితం మీద కూడా అంతే అని తెలుసుకోవడానికి నాకు ఆ రాత్రి కావలసివచ్చింది. రెండు గడుల మధ్య అతుకు దగ్గరే తగాదా పుడుతుంది, ఖర్చు పుడుతుంది, ఆలస్యం పుడుతుంది. ఈ రోజు నేను చెప్పదలుచుకున్నది ఆ అతుకు గురించే.

ఈ గడుల చెట్టును పుస్తకాలలో వర్క్ బ్రేక్‌డౌన్ స్ట్రక్చర్ అంటారు, పొట్టిగా డబ్ల్యుబిఎస్. ఇది అమెరికాలో రక్షణ, అంతరిక్ష పనులలో నుంచి వచ్చింది. 1962లో అక్కడి రక్షణ శాఖ, నాసా కలిసి, పనుల కాలాన్నీ ఖర్చునూ కలిపి చూసే పెర్ట్ కాస్ట్ అనే పద్ధతిని ప్రకటించినప్పుడు అందులో ఈ విభజన ఉంది. 1968లో అది రక్షణ శాఖవారి ప్రమాణంగా, మిల్ స్టాండర్డ్ 881 పేరుతో అచ్చయింది. ఆ మరుసటి ఏడు, 1969లో, ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్ మొదలైంది. మీలో కొందరు రాయాలనుకుంటున్న పీఎంపీ పరీక్ష, ప్రాజెక్టు నిర్వాహకుల అర్హత పరీక్ష, వారిదే. పరిధి అంటే ప్రాజెక్టులో ఏ పని ఉంది, ఏది లేదు అన్నది. వారి మార్గదర్శిలో పరిధికి ఆధారరేఖ, అంటే స్కోప్ బేస్‌లైన్, మూడు కాగితాలు కలిస్తే అవుతుంది. పరిధి ప్రకటన ఒకటి, డబ్ల్యుబిఎస్ ఒకటి, డబ్ల్యుబిఎస్ డిక్షనరీ ఒకటి. మొదటిదాన్ని అందరూ రాస్తారు, ఎందుకంటే అది లేకపోతే సంతకాలు కావు. రెండోదాన్ని అందరూ గీస్తారు, ఎందుకంటే అది గోడ మీద పెడితే బాగుంటుంది. మూడోది? చేతులెత్తండి, మీ ఆఫీసులో మూడోది ఉన్నవాళ్ళు. చూశారా, ఇంతమందిలో నాలుగు చేతులు.

డిక్షనరీ అనే మాట వల్ల కూడా కొంత నష్టం జరిగిందని నా అభిప్రాయం. నిఘంటువు అనగానే కష్టమైన మాటలకు అర్థాలు రాసే పుస్తకం అనుకుంటాం, మన పనిలో కష్టమైన మాటలు లేవు కదా అని పక్కన పెడతాం. కట్ట అంటే ఎవరికి తెలియదు? తూము అంటే ఎవరికి తెలియదు? అందరికీ తెలుసు, కానీ ఒక్కొక్కరికి ఒక్కో హద్దుతో తెలుసు. అందుకే నేను దానిని వివరాల పత్రం అంటాను. చెట్టులో చిట్టచివరి గడిని వర్క్ ప్యాకేజీ అంటాం. ఖర్చును, కాలాన్ని నమ్మకంగా లెక్కకట్టగలిగే మట్టం అది. ప్రతి వర్క్ ప్యాకేజీకి ఒక వివరాల పత్రం. పై గడులకు కూడా రాయవచ్చు, కానీ అక్కడ రెండు మూడు వాక్యాలు చాలు.

ఒక నియమం మాత్రం మరిచిపోవద్దు, నూటికి నూరు నియమం. కింది గడులన్నీ కలిపితే పై గడి సరిగ్గా నిండాలి. తక్కువ కాకూడదు, ఎక్కువా కాకూడదు. ప్రాజెక్టు నిర్వహణకయ్యే పని కూడా అందులో ఒక గడిగా ఉండాలి. ఈ నియమం విననివారు ఈ సభలో ఉండరు. కానీ అది పాటించామో లేదో ఎలా తెలుస్తుంది? పేర్లు మాత్రమే ఉన్న చెట్టును చూసి తెలియదు. నా చెరువు చెట్టులో కట్ట, తూము రెండూ ఉన్నాయి, చూపుకు నూరు శాతం నిండినట్టే ఉంది. పత్రాలు రాయడానికి కూర్చుని, తూము పత్రంలో ‘ఇక్కడితో సమాప్తం’ అనే గీత గీయబోయి ఉంటే, ఆ గీత అవతల మిగిలిన మట్టి అప్పుడే కనబడేది.

మీలో చాలామంది వేయిస్తంభాల గుడి కల్యాణ మండపం పనులు జరుగుతున్న సంవత్సరాలలోనే పెద్దవాళ్ళయ్యారు. భారత పురావస్తు శాఖవారు ఆ మండపాన్ని రాయి రాయిగా విప్పి, పునాది నుంచి తిరిగి నిలబెట్టారు. 2024 మార్చిలో అది మళ్ళీ తెరుచుకుంది. విప్పేటప్పుడు రాళ్ళకు అంకెలు వేశారు. ఒకసారి ఆలోచించండి, రాయి మీద అంకె ఉంది, కానీ ఆ అంకె గల రాయి ఏ వరుసలో, ఏ ముఖం ఎటువైపు ఉండాలో చెప్పే నక్షా, రికార్డు లేవనుకోండి. ఆ అంకెకు విలువేముంది? సున్నపు మరక, అంతే. డబ్ల్యుబిఎస్ సంకేత సంఖ్య కూడా అలాంటిదే. ఒకటి పాయింట్ మూడు పాయింట్ రెండు అని గడి మీద రాసినంత మాత్రాన పని తెలిసిపోదు. ఆ సంఖ్యతోనే బిల్లులో, షెడ్యూలులో, ఎం.బి. అనే కొలతల పుస్తకంలో, వివరాల పత్రంలో ఒకే వస్తువును పట్టుకోగలగాలి.

సరే, పత్రంలో ఏముండాలి? పుస్తకాలలో పెద్ద జాబితానే ఉంటుంది: సంకేత సంఖ్య, పని వర్ణన, బాధ్యుడు, ఊహలు, పరిమితులు, మైలురాళ్ళు, కావలసిన వనరులు, ఖర్చు అంచనా, నాణ్యత, అంగీకార ప్రమాణాలు, సాంకేతిక ఆధారాలు, ఒప్పందం వివరాలు. వీటిలో చాలావాటికి మన ఎస్టిమేట్‌లో, ఒప్పందంలో జాగా ఇప్పటికే ఉంది, వాటిని పత్రంలో మళ్ళీ ఎత్తి రాయకండి, ఎక్కడున్నాయో చెబితే చాలు. ఒకే అంకెను రెండు చోట్ల రాస్తే ఏదో ఒకనాడు అవి రెండు అంకెలవుతాయి.

నేను ఆ తరువాత రాసిన ఒక తూము పత్రాన్ని మీకు చదివి వినిపిస్తాను, నిదానంగా వినండి. ‘సంకేతం 1.3.2. పేరు, పెద్ద తూము మరమ్మతు. చేతికందే ఫలితం: కొత్త షట్టరుతో, కారని గొట్టంతో, ఇరువైపులా తిరిగి నింపి గట్టిపరచిన కట్టతో, నీరు వదలడానికి సిద్ధంగా ఉన్న తూము. మొదలు: కట్టపై గుర్తుపెట్టిన కోత గీతల దగ్గర. ముగింపు: కోసిన భాగం పాత కట్ట మట్టానికి చేరి, 1.1 కట్ట ప్యాకేజీ వారికి అప్పగించినప్పుడు. ఇందులో చేరినవి: కట్ట కోత, పాత గొట్టం తొలగింపు, కొత్త కట్టుబడి, షట్టరు బిగింపు, తిరిగి మట్టి నింపడం. చేరనివి: కట్ట ఎత్తు పెంచడం, లోపలి వాలుకు రాతి కట్టుబడి, తూము నోటి నుంచి దిగువ కాలువ. అంగీకారం: గొట్టం పక్క మట్టిని పలచటి పొరలుగా, చేతి దిమ్మిసతో గట్టిపరచాలి, పొర పొరకు సాంద్రత పరీక్ష చేసి డిజైన్ అడిగిన శాతం వచ్చిన తరువాతే పై పొర వేయాలి, పరీక్ష కాగితాలు లేకుండా మట్టి పైకి లేస్తే ఆ మట్టిని తీయించాలి.’ ఇంతే. ఒక పేజీ కూడా లేదు.

ఇందులో అన్నిటికన్నా విలువైన పంక్తి ఏదని నన్నడిగితే, ‘చేరనివి’ అనే పంక్తి అంటాను. మనకు అది రాయడం మొహమాటం. పని ఇచ్చేవాడి ముందు ఇది నేను చేయను అని రాస్తే ఏమనుకుంటాడో అని జంకుతాం. కానీ చేరనివి అంటే చేయనివి అని అర్థం కాదు, ఇక్కడ కాదు, ఫలానా గడిలో ఉంది అని అర్థం. పైన చదివిన పత్రంలో దిగువ కాలువ చేరలేదంటే, దాని పక్కన 1.5 చూడండి అని ఉండాలి. ‘చేరనివి’ కింద రాసిన ప్రతి మాట ఇంకొక పత్రంలో ‘చేరినవి’ కింద దొరకాలి. లేదా పరిధి ప్రకటనలో, ఇది మన ప్రాజెక్టుదే కాదు అని తేటగా రాసి ఉండాలి. రెండు చోట్లా దొరకకపోతే అదే మీ బుంగ. పత్రాలన్నీ రాసిన తరువాత నేను ఈ ఒక్క తనిఖీకి పూర్తి పూట కేటాయిస్తాను, ఒక్కసారి కూడా ఏమీ దొరకకుండా లేచింది లేదు.

దీనికి అందరికీ తెలిసిన ఉదాహరణ ఉంది. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో 46 వేలకు పైగా చెరువులను బాగు చేయాలని పెట్టుకున్నారు. అందులో పూడికతీత అనే మాట తీసుకోండి. పూడిక తీయడమంటే తవ్వడమా, తవ్వి ఎత్తడమా, ఎత్తి పొలంలో పోయడమా? అక్కడ హద్దు స్పష్టంగా పెట్టారు: తవ్వి బండిలో నింపేవరకు సర్కారు ఖర్చు, పొలానికి చేర్చుకోవడం రైతు ఖర్చు. ఆ హద్దు ఊళ్ళో ప్రతి ట్రాక్టరు యజమానికీ తెలుసు కాబట్టే పని నడిచింది. పూడిక మట్టి చేనుకు బలం కాబట్టి రైతు తన వంతు ఖర్చుకు ఒప్పుకున్నాడు, అది వేరే సంగతి.

పూడిక ఎత్తాం కాబట్టి అంగీకార ప్రమాణం సంగతి కూడా దానితోనే చెబుతాను, ఎందుకంటే ఇక్కడ పత్రం లేకపోతే డబ్బే పోతుంది. ఎంత పూడిక తీశారన్నది ఎలా కొలుస్తారు? ట్రాక్టరు ట్రిప్పులు లెక్కపెడతారా, గుంత కొలుస్తారా? తవ్విన మట్టి వదులై ఉబ్బుతుంది, ట్రాక్టరులో కనబడే ఘనపరిమాణం గుంతలో కనబడేదాని కన్నా ఎక్కువ. ట్రిప్పులతో లెక్కేసినాయనకూ గుంతతో లెక్కేసినాయనకూ ఎప్పటికీ పొత్తు కుదరదు, ఇద్దరూ నిజాయితీపరులైనా సరే. కాబట్టి పత్రంలో రాయాలి: తవ్వకానికి ముందు శిఖంలో, అంటే చెరువు లోపలి నేలలో, ఇన్ని మీటర్లకొక చోట మట్టాలు తీయాలి, తవ్విన తరువాత అవే చోట్ల తిరిగి తీయాలి, తేడాయే పరిమాణం. ఇంకొకటి రాయాలి, దీన్నే అందరూ మరిచిపోతారు: రెండోసారి మట్టాలు చెరువులోకి నీరు రాకముందే తీయాలి. జూన్ చివర్లో ఒక పెద్ద వాన పడితే గుంత నీళ్ళ కింద ఉంటుంది. అప్పుడు ఎవరు ఎంత ఒట్టు పెట్టినా ఎం.బి.లో అంకె ఎక్కదు. అంగీకార ప్రమాణంలో ఏమి కొలవాలో ఒక్కటే రాస్తే చాలదు, ఎప్పటిలోగా కొలవాలో, కొలిచేటప్పుడు ఎవరెవరు ఉండాలో కూడా రాయాలి.

ఆ పక్కన కూర్చున్న సాఫ్ట్‌వేర్ తమ్ముళ్ళు, చెల్లెళ్ళు మట్టి గోల మాకెందుకని చూస్తున్నారు. మీకూ మట్టి ఉంది. ఒక మార్కెట్ యార్డుకు మిర్చి బస్తాల లెక్కల సాఫ్ట్‌వేర్ చేస్తున్నారనుకోండి. మీ చెట్టులో ఒక గడి, ‘పాత రికార్డుల ఎక్కింపు’. ఎన్నేళ్ళ పాత రికార్డులు? ఎక్సెల్‌లో ఉన్నవేనా, చేతిరాత రిజిస్టర్లు కూడానా? ఒకే రైతు పేరు మూడు రకాలుగా రాసి ఉంటే ఒక్కటి చేయవలసింది మీరా, యార్డు గుమాస్తానా? ఎక్కించిన తరువాత సరిగ్గా ఎక్కిందని ఎవరు, ఎన్ని రికార్డులు తీసి చూసి సంతకం పెడతారు? ఈ నాలుగు ప్రశ్నలకు జవాబులు పత్రంలో లేకపోతే, మీ ప్రాజెక్టులో అన్నిటికన్నా చిన్నదిగా కనబడిన ఆ గడే మిమ్మల్ని రెండు నెలలు కూర్చోబెడుతుంది. పేరు పెట్టే దగ్గర కూడా జాగ్రత్త. ‘ఎక్కించుట’ అని క్రియతో కాకుండా ‘ఎక్కించి సరిచూసిన రికార్డులు’ అని ఫలితంతో పేరు పెడితే సగం హద్దు పేరులోనే తెలిసిపోతుంది.

ఇక ఎవరు రాయాలి? ఆఫీసులో కూర్చుని ఒక్కరే నలభై పత్రాలు రాసేయడం నేను చూశాను, నేనూ చేశాను. అలాంటివాటిలో వాక్యాలు బాగుంటాయి, పని ఉండదు. మొదటి ముసాయిదా మీరు రాయండి, తరువాత ఆ పని చేతులతో చేసేవాడి ముందు కూర్చుని చదివి వినిపించండి. ఒక సుతారికి నేను తూము పత్రం చదువుతుంటే, సారూ, గొట్టం వేసేటప్పుడు గుంతలో ఊరే నీళ్ళు ఎవరు తోడాలి అని ఆపాడు. నా పత్రంలో నీళ్ళు తోడడం లేదు. మోటారు అద్దె, డీజిలు, రాత్రి కాపలా, ఏదీ లేదు. పదిహేనేళ్ళ అనుభవం తరువాత కూడా నాకు తట్టని పంక్తి అది. ఆయన ఆపిన చోట నేను రాసుకున్నాను, ఎస్టిమేట్‌లో కూడా దానికొక ఐటం పెట్టించాను.

పత్రం రాసి బీరువాలో పెట్టడం కుదరదని కూడా చెప్పాలి. అది ఆధారరేఖలో భాగం అన్నాను కదా, అంటే దాన్ని మార్చాలంటే మార్పు కోరుతూ కాగితం పెట్టి, ఒప్పుకోవలసినవారు ఒప్పుకున్న తరువాతే మార్చాలి. పత్రం మీద ఎన్నో కూర్పో, ఏ తేదీయో ఉండాలి. పాత కూర్పును చింపేయకూడదు. మన శాఖలలో అదనపు ఐటం వస్తే సప్లిమెంటరీ ఎస్టిమేట్ వేస్తాం, దాని వెనక కారణం రాస్తాం. ఆ అలవాటు మంచిదే. కాకపోతే డబ్బు మారినప్పుడే రాస్తాం, హద్దు మారినప్పుడు రాయం. ఇద్దరు గుత్తేదారులు సైటు మీద మాట్లాడుకుని, ఆ పది మీటర్లు నువ్వు చెయ్యి, ఈ మెట్లు నేను చేస్తాను అని సర్దుకుంటారు. మొత్తం ఖర్చు మారలేదు కాబట్టి ఎవరూ రాయరు. ఆరు నెలల తరువాత ఆ మెట్లు కూలితే ఎవరి దగ్గరికి వెళ్తారు? ఆ సర్దుబాటు మంచిదే, ఆపకండి. ఆ సాయంత్రమే రెండు పత్రాలలోనూ ఒక్కో పంక్తి మార్చి ఇద్దరి చేతా సంతకం పెట్టించండి.

ఇక్కడ ఒక అమ్మాయి చీటీ పంపింది, ప్రశ్న బాగుంది, చదువుతాను: ‘మా ప్రాజెక్టులో మూడు వందల వర్క్ ప్యాకేజీలు ఉన్నాయి, అన్నిటికీ ఇలా రాస్తే పని ఎప్పుడు మొదలుపెట్టాలి సార్?’ అమ్మా, మొదట ఆ మూడు వందలు నిజంగా అన్ని కావాలా చూడండి. కొందరు ఎనిమిది గంటలకు తక్కువ, ఎనభై గంటలకు ఎక్కువ కాకుండా ప్యాకేజీ ఉండాలని ఒక బండ లెక్క చెబుతారు. కట్ట పనికి అది పనికిరాదు, కోడ్ రాసే పనికి కొంత పనికొస్తుంది, దాన్ని శాసనంగా తీసుకోకండి. రెండోది, ఇంకా స్పష్టత రాని దూరపు పనులను ప్లానింగ్ ప్యాకేజీగా ఒకే గడిలో ఉంచి, ఫలానా నెలలో విడదీసి రాస్తామని తేదీ వేయండి. యాసంగి తరువాత చేసే కాలువ లైనింగ్‌కు ఈ రోజే మట్టి పరీక్షల సంఖ్య రాయనక్కరలేదు. మూడోది, అన్ని పత్రాలూ ఒకే పొడవు ఉండాలని ఎవరన్నారు? బోర్డు పాతడానికి రెండు పంక్తులు చాలు. మీ గోడ మీది చెట్టు ముందు నిలబడి, వేర్వేరు మనుషుల చేతిలో ఉన్న రెండు గడులు ఎక్కడెక్కడ ఒకదాన్నొకటి తాకుతున్నాయో అక్కడ ఎర్ర పెన్సిలుతో చుక్క పెట్టండి. మూడు వందలలో అలాంటివి ఒక ముప్ఫై నలభై తేలవచ్చు. వాటి పత్రాలు ఈ వారం రాయండి, రాసినవాటిని ఆ ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి చదవండి, ‘చేరనివి’ పంక్తి దగ్గర ఇద్దరూ ఒకేసారి మాట్లాడడం మొదలుపెడితే ఆపకుండా రాసుకోండి. మిగతావాటిని పని నడుస్తుండగా, ఆ పని మొదలు కావడానికి ముందు వారంలో రాసుకోవచ్చు.